పీరియడ్‌కు పథకం ఉంది, సంవత్సరానికి లేదు

ప్రశ్న: మాధ్యమిక తరగతులకు గణితం బోధిస్తూ నాలుగేళ్లయింది. ప్రతి పీరియడ్‌కూ ముందురోజే పాఠ్యపథకం రాసుకుని వెళ్తాను. తరగతిలో పిల్లలు చురుగ్గా జవాబులు చెబుతారు, యూనిట్ పరీక్షలో మార్కులూ బాగానే వస్తాయి. రెండు నెలలు గడిచాక అదే విషయం అడిగితే మాత్రం మొదటిసారి విన్నట్టు చూస్తారు. మొన్న శాతాల పాఠం మధ్యలో 1/2 + 1/3 ఎంత అని అడిగితే దాదాపు సగం మంది 2/5 అని రాశారు. ఆ భిన్నాల పాఠానికి నేను రాసుకున్న పథకాన్ని ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పథకం తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికే తప్ప పిల్లలకు పనికొచ్చేది కాదని సీనియర్లు అంటున్నారు. నా లోపం ఎక్కడుంది? పథకాలు రాయడం మానేయాలా? శాతాలు ఆపేసి భిన్నాలను మళ్లీ మొదటి నుంచి చెప్పాలా? సిలబస్ చూస్తే అంత వ్యవధి లేదు.

సమాధానం:

టీచరు గారికి నమస్కారం.

మీ ఉత్తరాన్ని ఒకసారి, దానితో వచ్చిన పథకాన్ని మూడుసార్లు చదివాను. మీ మూడు ప్రశ్నల్లో రెండింటికి ముందే సూటిగా జవాబు చెబుతాను. పథకాలు రాయడం మానవద్దు. శాతాల పాఠాన్ని ఆపవద్దు. లోపం ఎక్కడుందన్న ప్రశ్నకు మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే అది మీరు వెతుకుతున్న చోట లేదు. ఆ రోజు పాఠంలో ఏదో సరిగా చెప్పలేకపోయానేమోనని మీరు బాధపడుతున్నారు. నాకు అర్థమైనంతవరకు ఆ పాఠం బాగానే నడిచింది. కానీ ఆ యూనిట్ పరీక్ష అయిపోయిన తర్వాత రెండు నెలల పాటు భిన్నాల సంకలనం మీ తరగతి గదిలోకి మళ్లీ అడుగుపెట్టలేదు. ప్రతి పీరియడ్‌కూ మీ దగ్గర పథకం ఉంది. ఒక పీరియడ్‌లో నేర్పిన విషయం తర్వాత ఎప్పుడెప్పుడు, ఏ రూపంలో పిల్లల ముందుకు తిరిగి రావాలో చెప్పే పథకం మాత్రం లేదు.

ఇది మీ ఒక్కరి విషయం కాదు. నేనూ చాలా ఏళ్లు ఇలాగే బోధించాను. ఒకసారి నా తరగతిలో ఒక అమ్మాయి ఇంటిపని పుస్తకం చూశాను. వేర్వేరు హారాలున్న భిన్నాల సంకలనం మీద ఇచ్చిన 12 లెక్కలూ తప్పు లేకుండా, గీతలు కొట్టి, ముచ్చటగా చేసింది. కొన్ని వారాల తర్వాత ఆ అమ్మాయినే పిలిచి, ఒక తాడులో సగం, అంతే పొడవున్న ఇంకో తాడులో మూడో వంతు కలిపి ముడివేస్తే ఎంత పొడవు వస్తుందని అడిగాను. పెన్సిలు పట్టుకుని కాసేపు నిలబడి, "సార్, ఇది ఏ పాఠంలో లెక్క?" అంది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. పాఠం పేరు తెలిస్తే లెక్క చేయగలదు, తెలియకపోతే చేయలేదు. అంటే ఆ 12 లెక్కల్లోనూ ఏ పద్ధతి వాడాలన్న ఆలోచన ఆమె ఒక్కసారి కూడా చేయలేదు. అభ్యాసం పైన ఉన్న శీర్షికే ఆ ఆలోచన చేసిపెట్టింది. మొదటి లెక్కకు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కనుక్కున్నాక మిగిలిన 11 లెక్కలూ చేతి అలవాటు మీద సాగిపోయాయి.

ఒకే రకం లెక్కలను ఒక్కచోట గుట్టగా పోసి చేయించడం వల్ల ఏం జరుగుతుందో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో వెలువడిన అధ్యయనంలో చూపించారు. వాళ్లు కళాశాల విద్యార్థులకు అంతగా పరిచయం లేని నాలుగు ఘనాకృతుల ఘనపరిమాణం కట్టడం నేర్పారు. కొందరికి ఒక్కో ఆకృతి లెక్కలన్నీ వరసగా ఇచ్చారు, మిగిలినవారికి నాలుగు ఆకృతుల లెక్కలనూ కలగలిపి ఇచ్చారు. అభ్యాసం చేస్తున్నప్పుడు వరసగా చేసినవారికి 89 శాతం, కలగలిపి చేసినవారికి 60 శాతం సరైన జవాబులు వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే వరసగా చేసినవారు 20 శాతానికి పడిపోయారు, కలగలిపి చేసినవారు 63 శాతం దగ్గర నిలిచారు. ఈ నాలుగు అంకెలనూ ఒకసారి నిదానంగా చూడండి. అభ్యాసం జరుగుతున్న రోజున ఆ గదిలోకి ఎవరైనా వచ్చి చూసి ఉంటే మొదటి బృందానికే పాఠం బాగా వచ్చిందని రాసుకుని వెళ్లేవారు. మీ తరగతిలో పిల్లలు చురుగ్గా జవాబులు చెప్పడం, వెంటనే పెట్టిన యూనిట్ పరీక్షలో మార్కులు రావడం కూడా ఇలాంటి సాక్ష్యమే. అది అబద్ధం కాదు, కానీ ఆ పూటకే చెల్లుతుంది.

మరుపును మనం పిల్లల అశ్రద్ధగానో మన చేతకానితనంగానో లెక్కవేస్తాం. నిజానికి అది ఎవరినీ వదిలేది కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ కలిసివస్తుందన్నది ఆయన కొలమానం. ఒక్క రోజు గడిచేసరికి ఆ కలిసివచ్చేది మూడో వంతుకు పడిపోయింది. అయితే నెల గడిచాక కూడా దాదాపు ఐదో వంతు మిగిలే ఉంది. అంటే మరుపు మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. ఆ పుస్తకంలోనే మనకు ఇంకా అవసరమైన సంగతి ఒకటి ఉంది. ఒకే రోజున 68 సార్లు వల్లెవేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజుల మీద పంచి 38 సార్లు వల్లెవేసినా వచ్చింది. అర్థం లేని అక్షరాలకూ అర్థమున్న పాఠానికీ చాలా తేడా ఉంది, నిజమే. ఎడం ఇచ్చి చేసిన అభ్యాసం ఎక్కువ నిలుస్తుందన్న సంగతి మాత్రం ఆ తర్వాత ఎన్నో రకాల విషయాల మీద జరిగిన పరిశోధనల్లోనూ మళ్లీ మళ్లీ రుజువైంది. మీ పథకంలోనూ ఒక్క రాత్రికి 12 లెక్కల ఇంటిపని ఉంది; వాటిలో నాలుగింటిని ఆ రాత్రికి, మూడింటిని మూడు రోజుల తర్వాత, మూడింటిని పది రోజుల తర్వాత, మిగిలిన రెండింటిని ఒక నెల తర్వాత ఇచ్చి ఉంటే పిల్లల శ్రమ ఒక్క లెక్క కూడా పెరిగేది కాదు. మారేది అమరిక ఒక్కటే.

తిరిగి రావడం అంటే మీరు నల్లబల్ల మీద మళ్లీ వివరించడం కాదని కూడా చెప్పాలి. చాలామంది ఉపాధ్యాయులు పునశ్చరణ పేరుతో ఇక్కడే పొరపడతారు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో ఒక బృందం ఒక గద్యభాగాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక్క విడత చదివి, తర్వాత మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. అయిదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవారిదే పైచేయి, 83 శాతానికి 71 శాతం. వారం తర్వాత తారుమారైంది: చదివినవారికి 40 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుని రాసినవారికి 61 శాతం గుర్తుంది. మీరు మళ్లీ చెబుతుంటే పిల్లలకు అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, తలలూపుతారు. జ్ఞాపకంలోంచి దాన్ని పైకి లాగే శ్రమ మాత్రం వాళ్లు పడరు. విషయాన్ని నిలబెట్టేది ఆ శ్రమే. కాబట్టి సంవత్సర ప్రణాళికలో మీరు అమర్చవలసినది మీ మాటల పునరావృతాన్ని కాదు, పిల్లలు గుర్తుచేసుకోవలసిన సందర్భాలను.

దీన్ని ఆచరణలో ఎలా పెట్టాలో చెబుతాను. ప్రతి పీరియడ్‌లో మొదటి ఎనిమిది నిమిషాలు ఇందుకు కేటాయించండి. మీరు లోపలికి వెళ్లేసరికి బల్ల మీద నాలుగు ప్రశ్నలు ఉండాలి. ఒకటి నిన్నటి పాఠం నుంచి, ఒకటి పోయిన వారం నుంచి, ఒకటి నెల కిందటి పాఠం నుంచి, నాలుగోది మరో మూడు రోజుల్లో రాబోయే పాఠానికి అవసరమైన పాత విషయం నుంచి. పుస్తకాలు మూసి ఉంచాలి, మార్కులు వేయకూడదు, జవాబులు వెంటనే చర్చించాలి. ఈ నాలుగింటిలో నాలుగోది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే పిల్లలకు ఏది రాదో పాఠం మధ్యలో కాకుండా మూడు రోజుల ముందే మీకు తెలుస్తుంది. ఏ రోజు ఏ పాత విషయం అడిగారో ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. లేకపోతే మనకు ఇష్టమైన పాఠాలే మళ్లీ మళ్లీ అడుగుతూ, కష్టమైనవాటిని తెలియకుండానే దాటవేస్తాం.

ఇంటిపనిలోనూ ఇదే పద్ధతి పాటించండి, కానీ ఒక జాగ్రత్త అవసరం. పాఠం కొత్తగా చెప్పిన రోజున కలగలపవద్దు. ఒక పద్ధతి ఇంకా చేతికి రాకముందే దాన్ని మరో మూడింటితో కలిపి ఇస్తే బిడ్డకు మిగిలేది గందరగోళమే. మొదటి రోజు ఒకే రకం లెక్కలు నాలుగైదు చేయనివ్వండి. రెండో రోజు నుంచి పాత లెక్కలను మధ్యమధ్య చేర్చండి. వారం గడిచాక ఇచ్చే ఇంటిపనిలో కొత్తవి సగం కూడా ఉండనవసరం లేదు.

ఇప్పుడు మీరు పంపిన పథకానికి వస్తాను. 45 నిమిషాల పీరియడ్‌ను మీరు ప్రేరణకు 5, వివరణకు 20, బల్ల మీద లెక్కలకు 10, పునశ్చరణకు 7, ఇంటిపని చెప్పడానికి 3 నిమిషాలుగా విభజించారు. చేతిరాత చూస్తేనే ఎంత శ్రద్ధగా రాశారో తెలుస్తోంది. అయితే ఆ రెండు పేజీల్లోని వాక్యాలు ఎలా ముగుస్తున్నాయో గమనించండి: వివరిస్తాను, చూపిస్తాను, బల్ల మీద రాస్తాను, అడుగుతాను, సరిచేస్తాను. వాక్యాలన్నిటికీ కర్త మీరే. ఆ 20 నిమిషాల వివరణ జరుగుతున్నంతసేపూ మూడో బెంచీలో కూర్చున్న పిల్లవాడు దేని గురించి ఆలోచించాలో ఎక్కడా లేదు. పథకంలో ప్రతి దశకు ఎదురుగా 'ఈ సమయంలో పిల్లలు ఏం ఆలోచిస్తారు, ఆ ఆలోచన నాకు ఎలా కనబడుతుంది' అని ఒక్క గడి చేర్చి, దాన్ని నిజాయతీగా నింపడానికి ప్రయత్నించండి. వింటారు అన్న మాట ఆ గడిలో రాయకూడదని మీకు మీరే నియమం పెట్టుకోండి. పాఠం ఆకారం దానంతటదే మారుతుంది.

పూర్వజ్ఞానం అన్న గడిలో మీరు 'పిల్లలకు క.సా.గు. తెలుసు' అని రాశారు. అది నమ్మకమే గాని మీరు చూసి తెలుసుకున్నది కాదు. నేర్చుకోవడాన్ని ప్రభావితం చేసే అంశాలలో అన్నిటికన్నా ముఖ్యమైనది బిడ్డకు అప్పటికే ఏం తెలుసన్నదేనని, ముందు దాన్ని తెలుసుకుని తదనుగుణంగా బోధించాలని డేవిడ్ ఆసుబెల్ అనే మనస్తత్వవేత్త 1968లో రాశాడు. భిన్నాల సంకలనంలో ఇది ఎంత సత్యమో చూడండి. 1/4 + 1/6 చేయాలంటే పిల్లవాడు 4, 6ల క.సా.గు. కనుక్కోవాలి, రెండు భిన్నాలనూ 12 హారంగా మార్చాలి, లవాలను మాత్రమే కలపాలని గుర్తుంచుకోవాలి, ఇదంతా చేస్తూ మొదట ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోకుండా ఉండాలి. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగే అంశాలు ఏడు, అటూ ఇటూ రెండు అని జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1956లో అన్నాడు. తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్యను నాలుగు దాకా తగ్గించారు. క.సా.గు. తడుముకోకుండా వచ్చే పిల్లకు ఈ లెక్కలో కొత్తది ఒక్కటే. క.సా.గు. దగ్గరే తడబడే పిల్లకు ఉన్న చోటంతా దానికే సరిపోతుంది, మీరు నేర్పదలచిన అసలు విషయం పట్టడానికి చోటు మిగలదు. ఆ పిల్ల బల్ల మీద ఉన్నది చూసి రాసుకుంటుంది. నోట్సు చూస్తే మాత్రం ఇద్దరి పుస్తకాలూ ఒకేలా కనిపిస్తాయి.

నేనైతే అదే పాఠాన్ని ఇలా నడిపిస్తాను. మొదట బల్ల మీద 1/2 + 1/3 = 2/5 అని రాసి, లెక్క చేయకుండా ఇది సరైనదో కాదో ఒక వాక్యంలో రాయమని రెండు నిమిషాలు మౌనంగా వదిలేస్తాను. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా అన్న ఆలోచన కొందరికైనా తడుతుంది. తట్టనివారికి పక్కవారి మాట వింటే తడుతుంది. ఆ తర్వాత ఒకే పొడవున్న కాగితపు పట్టీలు ఇచ్చి ఒకదాన్ని రెండుగా, మరొకదాన్ని మూడుగా మడవమంటాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఈ రెండు ముక్కలనూ ఒకే కొలతతో కొలవాలంటే ఎంత ముక్క కావాలని అడుగుతాను. ఆరో వంతు అన్న మాట పిల్లల నోటి నుంచి రావాలి. దానికి ఎనిమిది నిమిషాలు పట్టినా నష్టం లేదు, ఆ పాఠానికి ప్రాణం అక్కడే ఉంది. తర్వాత రెండు లెక్కలను పూర్తిగా చేసి బల్ల మీద పక్కపక్కన ఉంచి, రెండింటిలో ఏ మెట్టు ఒకేలా ఉందో, ఏది తేడాగా ఉందో చెప్పమంటాను. మూడో లెక్కలో చివరి మెట్టు ఖాళీగా వదులుతాను, నాలుగోదానిలో చివరి రెండు మెట్లు, అయిదోది పూర్తిగా వాళ్లదే.

ఈ మెట్ల వరసకు కారణం ఉంది. జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ అనే పరిశోధకులు 1985లో బీజగణితం మీద చేసిన ప్రయోగాల్లో, కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువ లెక్కలను సొంతంగా కుస్తీపట్టి చేయడం కన్నా సాధించి చూపిన లెక్కలను పరిశీలించి చేసినప్పుడు అదే రకం లెక్కలను తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేయగలిగారు. అంటే సాయం మొదట్లో నిండుగా ఉండాలి, క్రమంగా తగ్గాలి. మీ పథకంలో వివరణ నుంచి ఒక్కసారిగా 12 లెక్కల ఇంటిపనికి దూకారు. మధ్యలో ఉండవలసిన మెట్లు లేవు.

పునశ్చరణకు మీరు కేటాయించిన ఏడు నిమిషాల్లో "అర్థమైందా?" అన్న ప్రశ్న, దానికి తరగతంతా కలిసి చెప్పే "అర్థమైందండీ" అన్న జవాబు తప్ప ఏమీ లేవు. ఆ బృందగానంలో తెలియని గొంతులు తెలిసిన గొంతుల వెనక దాక్కుంటాయి. దానికి బదులు చిన్న కాగితం ముక్క మీద ప్రతి ఒక్కరూ 1/4 + 1/6 చేసి ఇచ్చి వెళ్లాలని చెప్పండి. విశ్రాంతి వేళలో వాటిని మూడు కుప్పలుగా వేరుచేయండి: 5/12 అని రాసినవి, పద్ధతి తెలిసి ఎక్కడో జారినవి, 2/10 అని రాసినవి. పది నిమిషాల పని. మూడో కుప్ప ఎంత ఎత్తుందో చూసి రేపటి పాఠం రాసుకోండి. నోటితో అడిగే ప్రశ్నల విషయంలో ఒక్క మాట. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగుపడతాయని, ఎక్కువమంది పిల్లలు ముందుకొస్తారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో చూపింది. నాకు ఆ మూడు సెకన్లు అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది.

బోధనోపకరణాలు, బృంద కృత్యాలు మొదలైనవాటి గురించి మీరు అడగలేదు కనుక నేనూ వాటి జోలికి పోను. అవి మంచివే, కానీ మీ సమస్య అవి కాదు.

సీనియర్ల మాట గురించి. వాళ్ల విసుగులో కొంత న్యాయం ఉంది. ఎవరో చూడడానికి రాసిన పథకంలో అన్ని గడులూ నిండుతాయి కానీ పిల్లలెవరూ ఉండరు. అయినా పథకం అన్న భావననే తోసిపుచ్చడం తప్పు. రాల్ఫ్ టైలర్ అనే విద్యావేత్త 1949లో పాఠ్యప్రణాళిక తయారీకి నాలుగు ప్రశ్నలు చెప్పాడు. ఏ లక్ష్యాలు సాధించాలి, అందుకు ఏ అనుభవాలు కల్పించాలి, ఆ అనుభవాలను ఎలా అమర్చాలి, లక్ష్యాలు నెరవేరాయో లేదో ఎలా తెలుసుకోవాలి. మనం వాడే పథకాల నమూనాల్లో మొదటి, రెండో, నాలుగో ప్రశ్నలకు గడులు ఉంటాయి. అమరికకు సంబంధించిన మూడో ప్రశ్నకు గడి ఉండదు, ఎందుకంటే అది ఒక్క పీరియడ్‌లో ఇమిడే విషయం కాదు. అమరికలో మూడు గుణాలు ఉండాలని ఆయన అన్నాడు: ముఖ్యమైన విషయం పదేపదే ఎదురుకావడం, ఎదురైన ప్రతిసారీ మునుపటికన్నా లోతుగా ఎదురుకావడం, ఇతర విషయాలతో దానికి సంబంధం కుదరడం. మీ ఉత్తరం చదివితే కొరవడింది ఈ మూడేనని నాకు అనిపించింది. దీన్ని పాఠ్యపుస్తకం చేసిపెడుతుందని మనం అనుకుంటాం. పుస్తకం పాఠాలకు ఒక వరస ఇస్తుంది, అంతే. ఆ వరసలో ఏ పాఠం ఏ పాఠాన్ని మోస్తోందో ఉపాధ్యాయులే కనిపెట్టాలి.

అందుకు ఒక పని చేయండి. సెలవురోజున పెద్ద కాగితం ఒకటి తీసుకుని ఏడాది పాఠాలన్నిటి పేర్లూ దాని మీద చెదరగొట్టి రాయండి. ఏ పాఠం రావాలంటే ఏది వచ్చి ఉండాలో బాణం గీయండి. క.సా.గు. నుంచి భిన్నాలకు, భిన్నాల నుంచి నిష్పత్తులకు, దశాంశాలకు, శాతాలకు, శాతాల నుంచి లాభనష్టాలకు, వడ్డీకి బాణాలు వెళ్తాయి. పూర్ణసంఖ్యల నుంచి సమీకరణాలకు ఒక బాణం. సౌష్ఠవం లాంటి పాఠం నుంచి ఆ ఏడాదిలో బయటికి వెళ్లే బాణాలు చాలా తక్కువ. పుస్తకంలో భిన్నాలకూ సౌష్ఠవానికీ దాదాపు సమానంగా పేజీలు ఉండవచ్చు, వార్షిక ప్రణాళికలో మీరు రెండింటికీ సమానంగా పీరియడ్లు ఇచ్చి ఉండవచ్చు. కానీ బాణాలు ఎక్కువగా బయలుదేరే పాఠం కూలితే దాని మీదున్నవన్నీ కూలుతాయి. పీరియడ్లు పంచవలసింది పేజీలను బట్టి కాదు, బాణాలను బట్టి. ఆ తర్వాత, సంవత్సరాంతంలో మీ పిల్లలు ఎవరి సాయమూ లేకుండా చేయగలగాలని మీరు కోరుకునే పది లెక్కలను ఆ కాగితం అడుగున రాయండి. 'భిన్నాలు తెలియాలి' అని కాకుండా అచ్చంగా లెక్కనే రాయండి. ఒక్కో లెక్క నుంచి వెనక్కి నడుస్తూ వెళ్తే ఏ నెలలో ఏది తిరిగి రావాలో కనబడుతుంది.

వ్యవధి లేదన్నారు. దీన్ని తేలిగ్గా తీసిపారేయను. మీకు ఏడాదికి 180 పీరియడ్లు ఉన్నాయనుకుంటే, రోజుకు ఎనిమిది నిమిషాల చొప్పున 1440 నిమిషాలు, అంటే 32 పీరియడ్లు ఈ ప్రశ్నలకే పోతాయి. చిన్న మొత్తం కాదు. అయితే ఇప్పుడు మీరు ప్రతి కొత్త పాఠం మొదట్లోనూ పాత పాఠాన్ని తిరిగి చెప్పడానికి ఎన్ని పీరియడ్లు పెడుతున్నారో, పరీక్షలకు ముందు పునశ్చరణకు ఎన్ని వారాలు ఇస్తున్నారో లెక్కవేసి చూడండి. నా అనుభవంలో ఈ 32లో ఎక్కువ భాగం అక్కడే దొరికింది. మిగిలినది వివరణల నుంచి మిగిల్చాను. అయినా చాలకపోతే బాణాలు తక్కువగా ఉన్న పాఠాలను క్లుప్తంగా చెప్పి ముందుకు సాగడానికి మీరు వెనకాడకూడదు. సిలబస్ పూర్తయిందని మనం సంతకం పెట్టే రోజున పూర్తయ్యేది మనం చెప్పడం. పిల్లల వైపు లెక్క వేరే ఉంటుంది.

ఈ మార్పు మొదలుపెట్టిన కొన్ని వారాలు మీకు కష్టంగా ఉంటుంది. కలగలిపిన అభ్యాసంలో తప్పులు పెరుగుతాయి, నేను పైన చెప్పిన 60 శాతాన్ని గుర్తు చేసుకోండి. పిల్లలు తమకు ఏమీ రావడం లేదని అనుకుంటారు. ఇంతకుముందు 12కు 12 తెచ్చుకున్న పిల్లలు మరీ నొచ్చుకుంటారు. ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రులు కారణం అడుగుతారు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా ఏం మారుస్తున్నారో, ఎందుకు మారుస్తున్నారో, ఎప్పటికి ఫలితం ఆశిస్తున్నారో ముందే చెప్పండి. పిల్లలకు కూడా చెప్పండి. గుర్తు తెచ్చుకోవడానికి పడే కష్టం రాకపోవడానికి గుర్తు కాదని, నేర్చుకోవడమే అలా ఉంటుందని చెబితే పన్నెండేళ్ల పిల్లలకు బాగానే అర్థమవుతుంది.

చివరగా శాతాల పాఠం. దాన్ని ఆపవద్దని ఎందుకన్నానంటే, భిన్నాలు తిరిగి రావడానికి అంతకన్నా తగిన చోటు లేదు. శాతం అంటే హారం 100గా ఉన్న భిన్నమే. భిన్నాల పాఠాన్ని మొదటి నుంచి మళ్లీ చెబితే పిల్లలు మళ్లీ ఆ శీర్షిక కింద కూర్చుని మళ్లీ ఆ పూటకు నేర్చుకుంటారు. దానికి బదులు వచ్చే సోమవారం పీరియడ్ మొదట్లో ఏ శీర్షికా లేకుండా ఈ లెక్క ఇవ్వండి: ఒక తొట్టిలో 50 శాతం నీళ్లున్నాయి, తొట్టిలో మూడో వంతు పట్టేన్ని నీళ్లు ఇంకా పోశాం, ఇప్పుడు తొట్టి ఎంత నిండింది? కొందరు 5/6 అని రాస్తారు. 2/5 అని రాసినవారి జవాబును కొట్టివేయకుండా, దాన్ని శాతంలోకి మార్చమని అడిగి ఆగండి. 40 అని వాళ్లే రాస్తారు. నీళ్లు పోయకముందు తొట్టిలో 50 శాతం ఉండేదని వాళ్లకు గుర్తొచ్చేదాకా మీరు ఏమీ చెప్పవద్దు.